జాగ్రత్త: బడి పిల్లలకు ‘ఇంటర్న్‌షిప్ ప్యాకేజీ’ కొనేముందు ఇది చదవండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలున్న ఇళ్లకు వేసవి సెలవులు దగ్గరపడగానే ఫోన్లు మొదలవుతాయి. “మీ బాబుకు పది రోజుల ఇంటర్న్‌షిప్పండి. ముందు మూడు రోజులు ట్రైనింగు, కిట్టు, సర్టిఫికెట్టు, ఇన్సూరెన్సు, అన్నీ కలిపి ఒకటే ఫీజు” అంటారు. అలా వేలు పోసిన తల్లిదండ్రులకు చేతికొచ్చినవి ఒక ఫైలు, ఒక టీ షర్టు, మెడలో వేసుకునే కార్డు, ఒక లాగ్ బుక్కు. పిల్లాడు వెళ్లి పని నేర్చుకునే చోటు మాత్రం రాలేదు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు మార్చుకుని ఇంకో ఊళ్లో బోర్డు పెట్టడం వాళ్లకు ఒక్కరోజు పని. కాబట్టి అమ్మే తీరు తెలుసుకోండి, అది మాత్రం మారదు.

మొట్టమొదట చెప్పే మాట “ఇప్పుడిది తప్పనిసరి” అని. అందులో నిజమెంతో చూడండి. జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పది రోజులు పుస్తకాల సంచి లేకుండా పిల్లలు ఊళ్లోని వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుల దగ్గర పని చూసి నేర్చుకోవాలని చెప్పింది. భోపాల్‌లోని కేంద్ర వృత్తి విద్యా సంస్థ తయారుచేసిన మార్గదర్శకాలను కేంద్ర విద్యాశాఖ 2024 జులైలో విడుదల చేసింది. అదంతా బడి జరిపించాల్సిన పని. తల్లిదండ్రులు బయట ప్యాకేజీ కొనుక్కోవాలని అందులో లేదు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సమగ్ర శిక్ష కింద వృత్తి విద్య కోర్సు ఉన్నచోట ఒకేషనల్ ట్రైనర్ ఉంటారు, బయట పని చూపించడానికి తీసుకెళ్లడం వాళ్ల బాధ్యతే. డిగ్రీ చదివేవాళ్లకు మన రాష్ట్రంలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసిన మాట నిజం. ఆ మాటను తెచ్చి పదో తరగతి పిల్లలకు అంటగడుతున్నారు.

రెండోది “ట్రిపుల్ ఐటీ సీటుకు వెయిటేజీ వస్తుంది” అని. ఎచ్చెర్ల దగ్గర ఎస్.ఎం.పురంలో క్యాంపస్ ఉంది కాబట్టి సిక్కోలులో ఈ మాట బాగా పనిచేస్తుంది. ఆ సీటు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు అదనంగా కలిపేది ఉంది గానీ, ప్రైవేటు సర్టిఫికెట్టుకు ఒక్క మార్కూ లేదు. పాలీసెట్‌లోనూ లేదు, ఈఏపీసెట్‌లోనూ లేదు.

ఇక “ప్రభుత్వ గుర్తింపు ఉంది” అంటూ గోడమీద ఫ్రేము చూపిస్తారు. దగ్గరికెళ్లి చదవండి. ఎక్కువసార్లు అది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కాగితం. చిన్న వ్యాపారం ఎవరు పెట్టినా ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా తెచ్చుకునేది. వాళ్లు పిల్లలకు ఏం నేర్పుతున్నారో ఏ అధికారీ వచ్చి చూసి ఇచ్చింది కాదు. ఐఎస్ఓ ముద్ర కూడా ప్రైవేటు సంస్థలు ఇచ్చేదే.

కిట్టు చేతికొస్తే ముందు లాగ్ బుక్కు తిరగేయండి. “ఇయర్ 10”, “డీబీఎస్ చెక్” (నేర చరిత్ర తనిఖీ), “ఎంప్లాయర్స్ లయబిలిటీ ఇన్సూరెన్స్” (యజమాని తీసుకునే బీమా) లాంటి మాటలు కనిపిస్తే అది బ్రిటన్ బడుల పుస్తకం నుంచి ఎత్తి రాసింది. అక్కడ పదిహేనేళ్ల పిల్లల్ని వారం రెండు వారాలు పనిచోటుకు పంపే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. పని ఇచ్చే యజమానికి ఆ బీమా అక్కడి చట్టం ప్రకారం ఉండాలి. ఇక్కడ మెకానిక్ షెడ్డు యజమానిని ఆ గడి నింపమంటే ఆయన ఏం రాస్తాడు? నింపలేని పుస్తకం ఖాళీగానే తిరిగొస్తుంది. సర్టిఫికెట్టు కూడా చూడండి. పని మొదలుకాకముందే తేదీలు అచ్చయి ఉంటే పిల్లాడు వెళ్లినా వెళ్లకపోయినా ఇచ్చేది అదే.

అసలు మోసం పనిచోటు దగ్గర జరుగుతుంది. ముందు డబ్బు వసూలు చేసి, తర్వాత చోట్లు వెతుకుతారు. దొరక్క, చివరి నిమిషంలో నలభై మందినీ ఒకే షాపుకు పంపుతారు. అంతమందికి చూపించే పని ఆ షాపతని దగ్గర ఉండదు. మొదటిరోజు బెంచీ మీద కూర్చోబెడతాడు, రెండోరోజు ఊడ్పిస్తాడు. ఆ తర్వాత అమ్మినవాళ్లే వచ్చి పాంప్లెట్లు చేతికిచ్చి ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర పంచమంటారు, తోటి పిల్లల ఫోన్ నంబర్లు తెమ్మంటారు. మనం డబ్బు కట్టి మరీ వాళ్లకు జీతంలేని ప్రచారం చేయించినట్టు. ‘వర్చువల్ ఇంటర్న్‌షిప్’ అన్నది ఇంకో రకం: వీడియో లింకులు పదీ, చివర ఒక క్విజ్జు.

అందుకని డబ్బు తీయకముందు అడగాల్సింది ఒక్కటే: ఏ చోట, ఎవరి కింద? షాపు లేదా సంస్థ తన లెటర్ హెడ్ మీద, తన ముద్రతో రాసిన ఉత్తరం చూపించమనండి. అందులో పిల్లలెంతమంది, ఏ తేదీలు, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, ఏ పనులు చూపిస్తారు, ఏవి ముట్టనివ్వరు, పక్కనుండి చూసుకునే మనిషి పేరు, ఫోను ఉండాలి. ఆ నంబరుకు మీరే ఫోన్ చేయండి. “పేమెంట్ అయ్యాక అలాట్ చేస్తాం” అన్నారా, అక్కడితో లేచి వచ్చేయండి.

వయసు విషయం చాలామంది పట్టించుకోరు. 2016లో సవరించిన బాల, కౌమార కార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలతో పని చేయించడమే నిషేధం. 14 నుంచి 18 మధ్యవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మిగతా చోట్లయినా ఒకేసారి మూడు గంటలకు మించి చేయించకూడదు, తర్వాత గంట విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలు దాటకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు అసలు కూడదు, ఓవర్‌టైమ్ లేదు. తొమ్మిదో తరగతి మొదట్లో చాలామందికి ఇంకా 14 నిండవు. కాబట్టి తరగతిని బట్టి కాకుండా స్టడీ సర్టిఫికెట్టులో పుట్టిన తేదీ చూసి లెక్కవేయాలి. నిండనివాళ్లను టీచరు వెంట ఉండి చూపించి తీసుకురావాలి, అంతే. మే నెల ఎండల్లో అయితే పెద్ద పిల్లలకైనా ఉదయం 8 నుంచి 11 చాలు.

మన దగ్గర ఏవి పనికొస్తాయో, ఏవి కూడవో అమ్మేవాళ్లకు తెలియదు, లేదా తెలిసీ చెప్పరు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీ పేరు బ్రోషర్‌లో ఘనంగా వేస్తారు. రసాయనాల మధ్య బడి పిల్లలకు చోటెక్కడిది? టెక్కలి వైపు గ్రానైట్ పాలిషింగ్ దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. పలాస జీడిపప్పు బట్టీల్లో పిక్క కొట్టే చోటుకు పంపొద్దు. పెంకులోని నూనె తగిలితే చర్మం కాలిపోతుంది. కావాలంటే గ్రేడింగు, ప్యాకింగు చూపించి తీసుకురావచ్చు. బుడితి ఇత్తడి పనిలో పోత పోసేటప్పుడు దూరంగా నిలబెట్టాలి. రైసు మిల్లులో, జనపనార మిల్లులో తిరిగే బెల్టుల దగ్గరికి పోనివ్వొద్దు.

ఇక బాగున్న చోట్లు, ఇవి డబ్బుతో కొనాల్సినవి కావు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేయడం దగ్గర్నుంచి సన్నని నూలు వడకడం దాకా ఒకేచోట చూడొచ్చు, రాట్నం మీద పిల్లలు చెయ్యి పెట్టి చూడొచ్చు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ వీణగా మారడం, మైనంతో 24 మెట్లు అమర్చడం చూడొచ్చు. ఉలి చేతికివ్వకుండా ఉప్పుకాగితంతో రుద్దే పని ఇమ్మనండి. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, పశువుల ఆసుపత్రి, నర్సరీ, టైలరింగ్ షాపు, సెల్‌ఫోన్ రిపేరు షాపు, పోస్టాఫీసు కూడా మంచివే. వెళ్లి అడిగేది హెడ్మాస్టారైతే ఎవరూ కాదనరు, బడి నుంచి ఒక ఉత్తరం చాలు.

‘మూడు రోజుల ట్రైనింగు’లో నిజంగా చెప్పాల్సింది బడిలోనే, ఖర్చు లేకుండా చెప్పొచ్చు. నెల ముందు టీచరు స్వయంగా ఆ చోటుకు వెళ్లాలి. కరెంటు వైర్లు తేలి ఉన్నాయా, మరుగుదొడ్డి ఉందా, ఆడపిల్లలకు తలుపు గడియ పడుతుందా, తాగునీళ్లున్నాయా, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఎక్కడుంది, ఒంటరిగా మూసిన గదిలో కూర్చోవాల్సి వస్తుందా చూసుకోవాలి. ఒక్కో చోటుకు ఇద్దరికి తక్కువ పంపొద్దు, నలుగురికి మించొద్దు. రెండు వారాల ముందు తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం తీసుకోవాలి. అందులో రక్తం గ్రూపు, మందుల అలర్జీ, ఫిట్స్ లేదా ఆయాసం ఉంటే ఆ సంగతి, రెండు ఫోన్ నంబర్లు ఉండాలి. వారం ముందు బస్సు టైములు చూసుకుని పెద్దవాళ్లతో కలిసి ఒకసారి వెళ్లిరావాలి.

తరగతిలో ఒక పీరియడ్ సాధన చేయించండి. పిల్లలు మూడు మాటలు తడబడకుండా చెప్పగలగాలి. తానెవరో, ఏ బడి నుంచి వచ్చాడో. “నాకిది అర్థం కాలేదండి, ఇంకోసారి చూపిస్తారా” అని. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: “ఈ మిషను ముట్టుకోవద్దని మా మాస్టారు చెప్పారండి.” షెడ్డులో పెద్దవాళ్లు చెడ్డవాళ్లై కాదు, ముచ్చటపడే గ్రైండరో వెల్డింగు రాడ్డో పిల్లాడి చేతికిస్తారు. పెద్దవాళ్లకు కాదని చెప్పడం మన పిల్లలకు అలవాటు లేదు. ఆ మాట నోటికి రావాలంటే ముందే పలికించాలి. చెప్పులు కాకుండా బూట్లు, జుట్టు ముడి, చున్నీ పిన్ను పెట్టి, గాజులు, కడియాలు తీసేసి, వదులు చొక్కా లోపలికి దోపి వెళ్లాలి. మామూలు నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసుకుంటే లాగ్ బుక్కు అయిపోయింది: చూసిన పని, వాడిన పనిముట్టు, అర్థంకానిది, రేపు అడగాల్సింది. మధ్యలో ఒకరోజు చెప్పకుండా టీచరు వెళ్లి చూడాలి. ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేసినా, ఇబ్బందిగా మాట్లాడినా ఆరోజే ఇంట్లో, బడిలో చెప్పాలనీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చనీ మగపిల్లలకు కూడా విడమరిచి చెప్పండి.

ఇప్పుడు డబ్బు సంగతి. “వాయిదాల్లో కట్టండి” అని ఓటీపీ అడిగితే చాలాసార్లు అది వాయిదా కాదు, మీ పేరుమీద ఫైనాన్సు కంపెనీ ఇచ్చే అప్పు. ప్యాకేజీ వద్దన్నా అప్పు అలాగే నిలుస్తుంది. అప్పు వివరాలన్నీ ఉన్న కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటు చదవకుండా ఒప్పుకోవద్దు. అప్పు తీసుకున్నాక వెనక్కి తగ్గడానికి కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో అందులోనే ఉంటుంది, ఆలోపే రద్దు చేసుకోండి. ఫోన్‌పే ఆటోపేలో మీకు తెలియని మ్యాండేట్ (డబ్బు దానంతటదే కట్ అయ్యే అనుమతి) ఉందేమో చూసి తీసేయండి. “రెండు లక్షల ప్రమాద బీమా కలిపాం” అంటే పాలసీ కాపీ, అందులో మీ పిల్లాడి పేరు చూపించమనండి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా 18 ఏళ్లు నిండినవాళ్లకే, బడి పిల్లలకు వర్తించదు. ఆధార్ అడిగితే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. వ్యక్తిగత ఫోన్ నంబరుకు డబ్బు పంపొద్దు. జీఎస్టీ నంబరుతో బిల్లు ఇస్తే ఆ నంబరు జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి పేరు సరిపోయిందో లేదో చూడండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు బ్రోషరు, వాట్సాప్ సందేశాలు, చెల్లింపు స్క్రీన్‌షాట్లు, ఖాళీ లాగ్ బుక్కు దాచిపెట్టుకోండి. వాపసు అడుగుతూ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు ఉంచుకోండి. కదలిక లేకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, వాళ్ల హెడ్డాఫీసు హైదరాబాదులో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపుంటే కోర్టు ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్లు. ఓటీపీతో డబ్బు లాగేసి ఉంటే మాత్రం ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. 14 నిండని పిల్లలతో పని చేయించారంటే కార్మిక శాఖ సహాయ కమిషనర్ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి. పనిలో పెట్టుకున్నవాళ్లకు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి.