కారులో కొత్త స్పీకర్లు: ముందుగా తలుపు సంగతి

ఆరేళ్లుగా నడుపుతున్న మా చిన్న కారులో కంపెనీ బిగించి ఇచ్చిన స్పీకర్లతోనే ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. విజయవాడ నుంచి హైదరాబాదుకు నెలకు రెండుసార్లయినా వెళ్లి రావలసిన ఉద్యోగం నాది. ఆ దారిలో పాట తప్ప వేరే తోడు లేదు. ఆ తోడు గొంతు బాగా లేదన్న సంగతి, ఇంట్లో మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక మృదంగ కచేరీ విన్న మరునాడు అదే రికార్డింగును కారులో పెట్టినప్పుడు గాని తెలియలేదు. తొప్పి, అంటే మృదంగపు ఎడమ మొహం, మీద పడిన దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపించింది. ఈ ఏడాది మూడు విడతలుగా, మొత్తం 39,000 రూపాయల ఖర్చుతో, ముందు తలుపుల స్పీకర్లు మార్పించి, తలుపుల లోపల రేకు మోతను అణిచే డ్యాంపింగ్ షీట్లు అంటింపించి, చివరికి ఒక యాంప్లిఫైయరు పెట్టించాను. పనంతా ఆటోనగర్‌లోని ఒకే దుకాణంలో జరిగింది. విడతలుగా చేయించడానికి కారణం నా జేబే అయినా, ఏ మార్పు ఎంత పని చేసిందో విడివిడిగా వినే అవకాశం దానివల్లనే దక్కింది.

పాత స్పీకర్లను తీసి చేతిలో పెట్టినప్పుడు వాటి బరువు చూసి నవ్వు వచ్చింది. ప్లాస్టిక్ చట్రం, ముందుకూ వెనక్కూ కదిలి శబ్దం పుట్టించే కాగితపు కోను, వెనుక రూపాయి బిళ్లలు నాలుగు పేర్చినంత అయస్కాంతం. కాగితపు కోను కావడం దానికదే లోపం కాదు, ఎంతో ఖరీదైన స్పీకర్లలో కూడా కాగితపు కోనులు ఉంటాయి. కారు తయారుచేసేవారు ప్రతి వస్తువులోనూ గ్రాములూ రూపాయలూ లెక్కచూసుకుంటారు కనుక, కొనేవారు షోరూములో నాలుగు నిమిషాలు విని తృప్తిపడే స్థాయికి చేరగానే అక్కడితో ఆగిపోతారు. అందులో వారిని తప్పుపట్టవలసినది పెద్దగా లేదు.

మొదటి విడతలో 11,500 రూపాయలు పెట్టి ఆరున్నర అంగుళాల కాంపోనెంట్ స్పీకర్లు కొన్నాను. అంటే మంద్రస్వరాలకూ మధ్యస్వరాలకూ తలుపులో ఒక పెద్ద స్పీకరు, సన్నని స్వరాలకు అద్దం పక్కనున్న స్తంభం మీద ఒక చిన్న ట్వీటరు, ఏ స్వరం ఎటు పోవాలో పంచే క్రాసోవరు పెట్టె ఒకటి. ట్వీటరు పెద్ద స్పీకరు మధ్యలోనే ఇమిడి ఉండే కోయాక్సియల్ రకం దీనికన్నా చవక, బిగించడమూ తేలిక. కానీ సన్నని స్వరాలన్నీ మోకాళ్ల దగ్గర నుంచి వస్తే గాయకుడు కాళ్ల దగ్గర కూర్చుని పాడుతున్నట్టే ఉంటుంది. కంపెనీ తీగలను కత్తిరించకుండా, సరిపోయే కప్లర్లతోనే కలపాలని ముందే షరతు పెట్టాను. ఆ మాట మాత్రం దుకాణంవారు చక్కగా పాటించారు. స్పీకరు కింద వేసే చక్రం చెక్క పొడితో చేసినదైతే వానకు ఉబ్బుతుంది కనుక ప్లాస్టిక్‌దే వేయమన్నాను, దానికీ ఒప్పుకున్నారు.

ఇంత చేశాక తిరుగు దారిలో పాట పెడితే ఉన్న బాస్, అంటే మంద్రస్వరాల బలం, కూడా పోయింది. సన్నని స్వరాలు మెరుస్తున్నాయి, 'స', 'శ' అక్షరాలు చెవిలో సూదిలా గుచ్చుకుంటున్నాయి, డోలు మాత్రం పక్క వీధిలో మోగుతున్నట్టుంది. మరునాడు వెళ్లి అడిగితే పనిచేసిన అబ్బాయి, "కొత్త స్పీకర్లు కదా సార్, నెల రోజులు తిరిగితే బాస్ విచ్చుకుంటుంది" అన్నాడు. కొత్త కోను కొంత వాడకంతో కాస్త సడలే మాట నిజమే గాని, ఉన్న బాస్‌ను మింగేసేంత బిగువు ఏ కోనుకూ ఉండదు. ఇంటికి వచ్చి బ్యాలెన్సును పూర్తిగా ఎడమకు తిప్పితే బాస్ ఉంది, పూర్తిగా కుడికి తిప్పితే కూడా ఉంది, మధ్యలో పెడితే లేదు. ఈ లక్షణం కనిపిస్తే రోగం ఒక్కటే: ఒక తలుపులో ప్లస్, మైనస్ తీగలు తారుమారయ్యాయి. ఒక కోను ముందుకు వస్తున్నప్పుడే రెండోది వెనక్కు పోతుంటే, మంద్రస్వరాలలో ఒకటి చేసిన పనిని రెండోది చెరిపేస్తుంది. దీన్ని పట్టుకోవడానికి పరికరాలేమీ అక్కరలేదు. స్పీకరు తీగలను స్టీరియో వైపు ఊడదీసి, ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్లు ప్లస్‌ను ప్లస్ తీగకు, మైనస్‌ను మైనస్ తీగకు ఒక్క క్షణం తాకిస్తే కోను బయటికి ఎగరాలి. మా ఎడమ తలుపులో అది లోపలికి కుంగింది. దుకాణం యజమాని వాదన పెట్టుకోకుండా అరగంటలో సరిచేయించారు. ట్వీటరు జోరు తగ్గించే మీట క్రాసోవరు మీదే ఉందని కూడా అప్పుడే చూపించారు. అది మొదటి రోజే చూపించి ఉంటే నా చెవులు వారం రోజులు బాధపడేవి కావు.

తీగలు సరిచేశాక బాస్ తిరిగి వచ్చింది గాని, పాతదానికన్నా ఒక మెట్టు మాత్రమే పైన ఉంది. 11,500 రూపాయలకు ఇంతేనా అన్న నిరాశతోనే రెండో విడతకు వెళ్లాను. అసలు సంగతి అక్కడ తెలిసింది.

ఇంట్లో పెట్టుకునే స్పీకరుకు కంపెనీయే చుట్టూ మూసిన పెట్టె కట్టి ఇస్తుంది. కారులో ఆ పెట్టె తలుపే. స్పీకరు కోను ముందుకు ఎంత గాలిని నెడుతుందో, వెనుక వైపు సరిగ్గా అంతే గాలిని వ్యతిరేక దిశలో లాగుతుంది. ఆ రెండూ కలిసే దారి దొరికితే ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. 100 హెర్ట్జ్ స్వరపు తరంగం పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. అంత పొడవైన తరంగానికి తలుపు లోపలి రేకులో ఉన్న అరచేయంత రంధ్రం సింహద్వారంతో సమానం. మా కారు తలుపు లైనింగు విప్పి చూస్తే లోపలి రేకుకు చిన్నా పెద్దా కలిపి ఏడు రంధ్రాలు, వాటి మీద పలుచని పాలిథీన్ కాగితం, అంతే. ఇక బయటి రేకు మిల్లీమీటరు మందం కూడా లేనిది. వెనుక నుంచి స్పీకరు తోసే గాలికి అది తనూ పళ్లెంలా మోగుతూ ఉంటుంది. లక్ష రూపాయల స్పీకరు తెచ్చినా ఈ తలుపులో బిగిస్తే అట్టపెట్టెలో వీణ పెట్టినట్టే.

ఈ లోపం సరిచేయించడానికి రెండు తలుపులకూ కలిపి, కూలితో సహా 5,200 రూపాయలు అయింది. బయటి రేకు లోపలి వైపు అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ రబ్బరు షీటు అంటించారు, లోపలి రేకు రంధ్రాలను గట్టి పలకలతో, వాటి మీద అదే షీటుతో మూశారు. ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పి తీరాలి. మొదటిది, తారుతో చేసిన చవక షీట్లు ఒప్పుకోవద్దు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మాది. ఆ ఎండలో నిలిపిన కారు తలుపులో తారు మెత్తబడి జారుతుంది, వాసన కూడా వేస్తుంది. రెండోది, తలుపు అడుగున ఉండే చిన్న చిన్న కన్నాలను ఎట్టి పరిస్థితిలోనూ మూయనివ్వకూడదు. వాన పడినప్పుడు అద్దం వెంట తలుపులోకి దిగే నీరు పోయేది వాటిలో నుంచే. నేను పక్కనే నిలబడి ఉన్నాను కనుక సరిపోయింది గాని, పని ఉత్సాహంలో ఆ అబ్బాయి ఒక కన్నం మీదికి షీటు లాగేశాడు. చెప్పిన వెంటనే కోసి తీశాడు.

లైనింగు బిగించి తలుపు వేసినప్పుడే తేడా తెలిసింది. ఇదివరకు డబ్బా మూత వేసినట్టు మోగే తలుపు ఇప్పుడు బరువుగా, ముక్తసరిగా మూసుకుంది. పాట పెట్టాక, స్పీకర్లు మార్చినప్పుడు రాని మార్పంతా ఒక్కసారిగా వచ్చింది. తొప్పి దెబ్బకు గుండ్రదనం వచ్చింది, దెబ్బకూ దెబ్బకూ మధ్య నిశ్శబ్దం వచ్చింది, సన్నాయి వెనుక డోలు వాయించేవాడి చేతి కర్రకూ రెండో చేతి వేళ్లకూ తేడా వినిపించింది. తలుపులలో నుంచి వచ్చే రోడ్డు చప్పుడు కూడా కొంత తగ్గింది. టైర్ల హోరు మాత్రం కింద నుంచి వస్తుంది కనుక తలుపు షీట్లతో పోలేదు. మూడు విడతలలో అన్నిటికన్నా తక్కువ ఖర్చైనది ఇదే, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే. ఏ ప్రకటనలోనూ దీని బొమ్మ కనిపించదు. దుకాణంలో గాజు అల్మరా వెనుక దీపాలు పెట్టి చూపించడానికి నల్లటి జిగురు షీటులో అందమేముంది!

మూడో విడత యాంప్లిఫైయరు. కారు స్టీరియో మీద "50 వాట్లు ఇంటు 4" అని ఉంటుంది. అది ఒక్క క్షణం ఎగిసే గరిష్ఠపు లెక్క. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో దొరికేది సుమారు 14 వోల్టులు. వోల్టేజిని పెంచే ఏర్పాటు లోపల లేని మామూలు స్టీరియో చిప్పు ఆ 14 వోల్టులతో, 4 ఓమ్‌ల స్పీకరుకు శుభ్రంగా ఇవ్వగలిగేది 18 నుంచి 20 వాట్లు మాత్రమే. అంతకు మించి అడిగితే తరంగం తల తెగి, శబ్దం గరగరలాడుతుంది. నేను కొన్నది ఛానెలుకు, అంటే ఒక్కో స్పీకరు దారికి, 75 వాట్ల ఆర్‌ఎంఎస్ (క్షణికంగా కాక నిలకడగా) ఇచ్చే నాలుగు ఛానెళ్ల రకం, ధర 15,000. వైరింగు కిట్టు 3,800, స్పీకర్లు, యాంపు రెండింటి బిగింపుకూ కలిపి కూలి 3,500. 20 వాట్లు 75 అయితే శబ్దం నాలుగింతలవుతుందని ఎవరైనా అనుకుంటే నిరాశ తప్పదు. శబ్దాన్ని కొలిచే డెసిబెల్స్‌లో చూస్తే, వాట్లు రెట్టింపైతే పెరిగేది 3, చెవికి రెట్టింపుగా తోచాలంటే 10 డెసిబెల్స్ కావాలి. ఈ లెక్కన నాకు దక్కింది 6 డెసిబెల్స్‌కు కొంచెం తక్కువ. కానీ ఎప్పుడూ వినే స్థాయిలోనే వింటున్నా, ఉన్నట్టుండి తారస్థాయికి వెళ్లే గొంతు, ఒక్కసారిగా పడే తాళం ఇప్పుడు నలిగిపోవడం లేదు. ఈ డబ్బుకు దక్కింది ఆ వెసులుబాటే.

ఇక్కడ దుకాణంతో రెండు పేచీలు వచ్చాయి. ఫ్యూజును సీటు కింద, యాంపు పక్కనే పెట్టారు. ఫ్యూజు కాపాడవలసింది బ్యాటరీ నుంచి వచ్చే తీగను. దారిలో ఎక్కడైనా ఆ తీగ తొడుగు రాసుకుపోయి కారు బాడీకి తగిలితే, ఫ్యూజు చివర ఉండి ప్రయోజనం లేదు, మంటలు రేగవచ్చు. బ్యాటరీ నుంచి జానెడు, మహా అయితే రెండు జానల లోపల అది ఉండాలి. చెప్పాక మార్చారు గాని, చెప్పకపోతే అలాగే పంపేవారు. రెండోది, ఇంజను వేగంతో పాటు పెరిగే సన్నని కూత. ఎర్త్ తీగను సీటు బోల్టు కింద, రంగు గీకకుండానే బిగించడం దానికి కారణం. ఆ చోట రంగు గీకి, తళతళలాడే లోహం మీద బిగించగానే కూత ఆగిపోయింది. తీగలు మాత్రం అల్యూమినియం మీద రాగి పూత పూసినవి కాకుండా అచ్చంగా రాగివే వేశారు. ఒక కొస గీకి చూపించమంటే విసుక్కోకుండా చూపించారు.

నాలుగు ఛానెళ్ల యాంపు కొనడం నా పొరపాటు. మిగిలిన రెండు ఛానెళ్లకు తర్వాత సబ్‌వూఫరు (బాస్ కోసం డిక్కీలో పెట్టే పెద్ద స్పీకరు) కలపవచ్చన్న సలహా విని కొన్నాను. తలుపులు బాగుపడ్డాక దాని అవసరమే కనిపించలేదు, డిక్కీలో సామాన్ల చోటు వదులుకోవడానికి ఇంట్లోవారూ ఒప్పుకోలేదు. రెండు ఛానెళ్లది చాలా తక్కువలో వచ్చేది. వెనుక తలుపులలో ఇప్పటికీ పాత స్పీకర్లే ఉన్నాయి, వాటిని స్టీరియోకే వదిలి శబ్దం బాగా తగ్గించి ఉంచాను. కుడి స్పీకరు నాకు దగ్గర, ఎడమది దూరం కనుక గొంతు కుడి వైపుకు లాగుతోంది. ఆ కాలభేదాన్ని సరిచేసే డీఎస్‌పీ పరికరాలు ఉన్నాయి గాని ఇంకో విడతకు ఓపిక లేక, బ్యాలెన్సును రెండు గీతలు ఎడమకు జరిపి ఊరుకున్నాను. మోనోలో, అంటే కుడి ఎడమల తేడా లేకుండా, రికార్డు చేసిన పాత సినిమా పాటలకు ఈ ఖర్చంతటి వల్ల ఒరిగింది స్వల్పమే: గొంతు స్పష్టమైంది, ఆ టేపులో లేని బాస్ మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ దుకాణానికి మళ్లీ వెళ్తానా అంటే వెళ్తాను. చేతిపనిలో తొందర ఉంది, తప్పు చూపిస్తే దిద్దుకునే గుణమూ ఉంది. అయితే పని జరుగుతున్నంతసేపూ కుర్చీలో కూర్చోకుండా తలుపు పక్కనే నిలబడతాను, జేబులో ఒక పెన్సిల్ సెల్లు వేసుకుని వెళ్తాను.