మంచి గైడ్లకు ఇచ్చే పురస్కారాలు: ఫైలు విప్పి చూస్తే

పీహెచ్‌డీ విద్యార్థులకు చక్కగా దారి చూపే అధ్యాపకులకు పురస్కారం ఇచ్చే ఆనవాయితీ చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది. పేర్లు వేరైనా దినుసులు దాదాపు అవే: ఒక నామినేషన్ లేఖ, నాలుగైదు విద్యార్థుల లేఖలు, సీవీ, అధ్యాపకుడు తన పద్ధతి గురించి రాసుకున్న ఒకటి రెండు పేజీలు. చివర్లో ఒక కమిటీ. ఈ పద్ధతికి ఐదుకు మూడు మార్కులు. మిగతా రెండూ ఒకే చోట పోయాయి: ఫైల్లో గట్టెక్కినవాళ్లే మాట్లాడతారు. మధ్యలో మానేసినవాళ్లు, గైడును మార్చుకున్నవాళ్లు అందులో ఎక్కడా కనబడరు.

ఉన్నవాటిలో మెరుగైన నమూనా ‘నేచర్’ అనే సైన్స్ పత్రిక 2005లో మొదలుపెట్టిన మెంటరింగ్ (దగ్గరుండి దారి చూపడం) పురస్కారాలది. జీవితకాల కృషికి ఒకటి, కెరీర్ మధ్యలో ఉన్నవాళ్లకు ఒకటి. ఆ శాస్త్రవేత్త దగ్గర వేర్వేరు కాలాల్లో పనిచేసిన ఐదుగురు ఎవరికి వారు రాసివ్వాలి. కిటుకు ఆ ‘వేర్వేరు కాలాల్లో’ అన్న మాటలోనే ఉంది. పదిహేనేళ్ల కిందట ల్యాబ్ వదిలినవాడికి ఇప్పుడు గైడు సంతకంతో పని లేదు, కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాడు. వచ్చే నెల వైవా (థీసిస్ మీద మౌఖిక పరీక్ష) పెట్టుకున్న విద్యార్థి అలా రాయగలడా? అమెరికాలో 1996 నుంచి అధ్యక్షుడి పేరిట ఇస్తున్న మెంటరింగ్ పురస్కారం కూడా ఉంది గానీ, అది సంస్థలకూ ఇస్తారు, దాని పరిధి పీహెచ్‌డీని దాటి చాలా విశాలం.

అసలు పస లేఖల్లో ఉంటుంది, చెడేదీ అక్కడే. ‘సార్ ఎప్పుడూ అందుబాటులో ఉంటారు, తండ్రిలా చూసుకుంటారు’ అన్న లేఖకు ఎన్ని మార్కులు వేయాలో ఏ కమిటీకీ తెలియదు. దాన్నే ఇలా రాస్తే చూడండి: ‘మూడో అధ్యాయం డ్రాఫ్టు తొమ్మిది రోజుల్లో తిరిగొచ్చింది. మొదటి మూడు వ్యాఖ్యలూ వాదన గురించే, అచ్చుతప్పుల జోలికి తర్వాతే వెళ్లారు. రెండో ఏడాది ప్రయోగం బెడిసికొట్టినప్పుడు, ఆరు వారాల్లో ఫలితం రాకపోతే ప్రశ్న మార్చేద్దామని గడువు పెట్టారు.’ ఇలాంటి లేఖ కావాలంటే విద్యార్థిని అడిగే తీరు మారాలి. ‘మీ గైడు గురించి రాయండి’ అంటే పొగడ్త వస్తుంది. ‘మీ పని ఆగిపోయిన ఒక సందర్భంలో ఆయన ఏం చేశారు?’ అంటే సంగతి వస్తుంది.

ఇంకో లోపం, లేఖలు పోగుచేసే బాధ్యత శాఖాధిపతికి అప్పగించడం. ఆయన చేతిలో పడితే గైడు కంట పడ్డట్టే. లేఖ నేరుగా కమిటీకే చేరాలి, ప్రస్తుత విద్యార్థులవి రెండుకు మించకూడదు. నాలుగు లేఖల్లో ఒకే వాక్యం కనిపించిందంటే నమూనా ప్రతి ఒకటి చేతులు మారిందని అర్థం.

మార్కుల దగ్గర చాలా కమిటీలు తడబడతాయి. సీవీ బరువుగా ఉంటే, పేపర్ల సంఖ్య చూసి మెంటరింగ్ కూడా గొప్పదే అనుకుంటారు. ఇరవైమంది ఉన్న ల్యాబ్‌కు ఐదు మంచి లేఖలు తేలిగ్గా దొరుకుతాయి. ముగ్గురే విద్యార్థులున్న చరిత్ర అధ్యాపకురాలికి దొరకవు. దీనికి విరుగుడుగా కొలబద్ద ముందే రాసిపెట్టుకోవాలి. 26 నైపుణ్యాలను ఆరు విభాగాల్లో, ఏడు పాయింట్ల స్కేలు మీద కొలిచే మెంటరింగ్ కాంపిటెన్సీ అసెస్‌మెంట్ ఉండనే ఉంది. సంభాషణ, అంచనాలు (ఒకరి నుంచి ఒకరు ఆశించేవి) సరిచూసుకోవడం, అవగాహన పరీక్షించడం, వైవిధ్యం, స్వతంత్రత, వృత్తిపరమైన ఎదుగుదల: ఈ ఆరు శీర్షికలు తీసుకుని, ప్రతి ఫైలునూ ఇద్దరు విడివిడిగా చదివి, కూర్చుని మాట్లాడుకునే ముందే మార్కులు వేయాలి. తేడా రెండు పాయింట్లు దాటితే మూడో వ్యక్తి చదవాలి. కమిటీలో పీహెచ్‌డీ విద్యార్థి ఒక్కరైనా లేకపోతే అంచనాలు, స్వతంత్రత అనే రెండు శీర్షికలూ ఎవరికీ పట్టవు.

నియమావళిలో ఒక్కటే మార్చే వీలుంటే, ఒక పట్టిక అడగండి: గత పదేళ్లలో చేరిన ప్రతి విద్యార్థీ, చేరిన ఏడాది, పూర్తయిన ఏడాది, మానేస్తే ఎప్పుడు, గైడు మారితే ఎప్పుడు. పేర్లు అక్కర్లేదు. అధ్యాపకుడు నింపితే కాదు, రికార్డుల విభాగం నింపాలి. మానేసినవాళ్లు ఉన్నంత మాత్రాన చెడ్డ గైడని కాదు. మంచి ఉద్యోగం వచ్చి వెళ్లినవాళ్లూ ఉంటారు. కానీ ఎనిమిదిమందిలో నలుగురు రెండో ఏడాదే వెళ్లిపోతే కమిటీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అది ఏ లేఖలోనూ దొరకదు.

నగదు, జ్ఞాపిక గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సొమ్ములో కొంత విద్యార్థుల ప్రయాణ ఖర్చులకు కేటాయించే పద్ధతి బాగుంటుంది. గ్రహీతతో ఒక ఉపన్యాసం ఇప్పించి చేతులు దులుపుకోవడం మాత్రం దండగ. దానికి బదులు, కొత్త విద్యార్థికి మొదటి వారంలో ఆయన ఇచ్చే కాగితం అడిగి తీసుకుని అందరికీ పంచండి: వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, డ్రాఫ్టు ఎన్నాళ్లలో తిరిగొస్తుంది, పేపర్‌లో మొదటి పేరు ఎవరిది, సెలవు ఎలా అడగాలి. అలాంటి కాగితమే లేదంటారా, ఆ సంగతి నామినేషన్ నాడే అడిగి ఉండాల్సింది.