అమెరికా టికెట్ కొంటున్న తిరుపతి, చిత్తూరు వాళ్ళు జాగ్రత్త: చెప్పిన గంటలు వేరు, పట్టే గంటలు వేరు

అక్క కాన్పుకని అమ్మ, నాయన డాలస్ వెళ్ళాల్సి వచ్చి, తిరుపతిలో ఒక ట్రావెల్ ఏజెన్సీలో టికెట్లు తీసుకున్నాం. "దూరం 14,800 కిలోమీటర్లు, ప్రయాణం పదహారున్నర గంటలు, పెద్దవాళ్ళకేం ఇబ్బంది ఉండదు" అని స్క్రీన్ మా వైపు తిప్పి చూపించారు. అలా నేరుగా వెళ్ళే విమానమే లేదు! రేణిగుంట నుంచి డాలస్‌కి ఉత్తర ధ్రువం పక్కగా గీత గీసి, దాన్ని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే వచ్చే అంకె అది.

అసలు టికెట్ ప్రకారం సాయంత్రం 6 గంటలకు చెన్నైలో ఎక్కి, మరుసటి రోజు సాయంత్రం 5.30కి డాలస్‌లో దిగాలి. "ఇరవై మూడున్నర గంటలే కదండీ" అన్నారు. ఆ రెండూ ఎక్కడి సమయం అక్కడిది. వేసవిలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది, కాబట్టి ప్రయాణం 34 గంటలు. పుత్తూరు, నగరి మీదుగా చెన్నైకి మూడు గంటలకు పైగా కారులో కూర్చునేది దీనికి అదనం.

అయినా వాళ్ళు చేసిన పెద్ద అన్యాయం ఇది కాదు. చెన్నై నుంచి ఢిల్లీకి ఒక పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు), ఢిల్లీ నుంచి డాలస్‌కి ఇంకో పీఎన్ఆర్, అంటే రెండూ విడివిడి టికెట్లు. మాకు వాట్సాప్‌లో పంపిన కాగితంలో మాత్రం అంతా ఒకే ప్రయాణంలా అతికించారు. అమెరికా టికెట్‌కి సరిపోయేలా 23 కిలోల పెట్టెలు నాలుగు సర్దాం. చెన్నై కౌంటర్‌లో మనిషికి 15 కిలోలే అన్నారు. మిగిలిన 62 కిలోలకు అక్కడికక్కడే డబ్బు కట్టాల్సి వచ్చింది. ఢిల్లీలో ఆ పెట్టెలన్నీ బెల్టు మీద నుంచి తీసుకుని, టెర్మినల్ 1 నుంచి టెర్మినల్ 3కి రోడ్డు మీద వెళ్ళి, మళ్ళీ చెకిన్ చేయాలి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు వీల్‌చైర్ మొదటి టికెట్‌కే రాయించారు, రెండోదానికి లేదు. అర్ధరాత్రి నాయన ఒక్కడే ట్రాలీలు తోస్తూ అమ్మను పట్టుకుని నడిపించాడని తెలిసి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు.

మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయి ఉంటే ఇంకా ఘోరం. ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్స్‌ది. విడివిడి టికెట్లకు ఆ రక్షణ లేదు, కొత్త టికెట్ మనమే కొనుక్కోవాలి.

అందుకే డబ్బు కట్టకముందే ఏజెన్సీని మూడు మాటలు రాతలో అడగండి: ఇంట్లో బయల్దేరింది మొదలు మొత్తం ఎన్ని గంటలు, పీఎన్ఆర్‌లు ఎన్ని, ప్రతి విమానంలో సామాను ఎన్ని కిలోలు. టికెట్ రాగానే ఆ పీఎన్ఆర్‌ని ఎయిర్‌లైన్స్ సొంత సైట్లో కొట్టి చూడండి. ఏజెన్సీ కాగితం ఒక్కటే చూసి ఊరుకోవద్దు.

"టికెట్ ఇచ్చాక మాకు సంబంధం లేదు" అని మాకు చెప్పేశారు. రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు పెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. మీకూ ఇలా జరిగి ఉంటే మెసేజ్‌లు డిలీట్ చేయకండి, అవే సాక్ష్యం.