జిరాక్స్ షాపు పాత సామాను ఈ-వేస్ట్ కంపెనీకి ఇచ్చాను: రేటు తక్కువ, రసీదు ఉంది (శ్రీకాకుళం)

పాత కంప్యూటర్లు, ప్రింటర్ల లాంటి ఎలక్ట్రానిక్ చెత్త (ఈ-వేస్ట్) మన దగ్గరికే వచ్చి తీసుకెళ్లే కంపెనీలు ఇప్పుడు శ్రీకాకుళం వైపు కూడా వస్తున్నాయి. నేను పిలిచిన వాళ్లు విశాఖ వాళ్లు. మెచ్చుకునేదీ ఉంది, తిట్టేదీ ఉంది కాబట్టి పేరు రాయను.

మాది ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర్లో జిరాక్స్, నెట్ షాపు. వెనక గది నిండా డబ్బా మానిటర్లు, చచ్చిన సీపీయూలు, ప్రింటర్లు. గుమ్మానికి అడ్డంగా ఒక పెద్ద జిరాక్స్ మెషీను.

ముందు రేటు సంగతి. తుక్కు కొట్టు ఆయన చెప్పిన దాంట్లో సగం కూడా రాలేదు. డబ్బా మానిటర్లకైతే పైసా ఇవ్వలేదు, ఊరికే పట్టుకెళ్లారు. మొదట చిరాకేసింది గానీ లెక్క చూస్తే అర్థమవుతుంది. తుక్కు కొట్టులో మానిటర్ పగలగొట్టి రాగి తీగచుట్ట లాక్కుంటారు, సీసం ఉన్న గాజుని ఎక్కడో పారబోస్తారు. వైర్లు తగలబెట్టి రాగి తీస్తారు. ఆ ప్లాస్టిక్ పొగలో డయాక్సిన్లనే విషాలుంటాయి. ఆ ఖర్చు వాళ్ల జేబులోంచి పోదు, పీల్చేవాడి ఊపిరితిత్తుల్లోంచి పోతుంది. అందుకే ఎక్కువ రేటు ఇవ్వగలరు.

బాగా నచ్చింది హార్డ్ డిస్కుల పని. జిరాక్స్ షాపు కంప్యూటర్లో ఏముంటాయో మీకు తెలుసు: జనాల ఆధార్లు, పట్టాదారు పాస్ పుస్తకాలు, గల్ఫ్ వెళ్లే కుర్రాళ్ల పాస్‌పోర్టులు. వచ్చిన కుర్రాడు ఒక్కో సీపీయూ విప్పి, డిస్కు బయటికి తీసి, డ్రిల్లుతో నా ఎదురుగానే కన్నాలు పెట్టాడు. నంబర్లు రాసుకుని నా చేత సంతకం పెట్టించుకున్నాడు. ఇందులో వంక పెట్టడానికేం లేదు.

తర్వాత జిరాక్స్ మెషీను దగ్గర ఆగాడు. పక్క మూత తీస్తే లోపల జర్మన్ భాషలో సర్వీసు స్టిక్కరు. "ఇది బయట్నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ అండీ, కొన్న బిల్లుందా?" అన్నాడు. డీలరు బిల్లిస్తే కదా! మన లైన్లో ఉన్నవాళ్లకి తెలుసు, చిన్న ఊళ్లలో తిరిగే పెద్ద మెషీన్లలో చాలా వరకు విదేశీ ఆఫీసులు వాడి వదిలేసినవే. అలాంటివి దిగుమతి చేసుకోవాలంటే కేంద్రం అనుమతి ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ నియమాల ప్రకారం పాత సరుకు దిగుమతి చేసుకున్నవాడు కూడా తయారీదారుతో సమానమే. మెషీను చచ్చాక దాన్ని రీసైకిల్ చేయించే బాధ్యత అతనిదే. బిల్లు లేకపోతే ఎవర్ని పట్టుకుంటాం?

పెద్ద దేశాల మధ్య నడిచే గొడవ కూడా ఇదే. 1988లో ఇటలీ నుంచి విషపు డ్రమ్ములు తెచ్చి నైజీరియాలోని కోకో అనే ఊళ్లో దించిన సంగతి బయటపడింది. మరుసటి ఏడే బాసెల్ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ప్రమాదకరమైన చెత్తని సరిహద్దు దాటించాలంటే పుచ్చుకునే దేశం ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. 2025 జనవరి 1 నుంచి ప్రమాదకరం కాదన్న ఈ-వేస్ట్‌కి కూడా ఇదే రూలు. అయితే చెత్తకే "పనికొచ్చే పాత సరుకు" అని చీటీ అంటించి పంపేవాళ్లు ఉండనే ఉన్నారు. అమెరికా ఆ ఒప్పందం మీద సంతకం పెట్టింది గానీ ఇప్పటికీ ఆమోదించలేదు, అది వేరే కథ. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ వస్తే, పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కల్లోకి ఎక్కింది 22.3 శాతమే. మిగతాది ఎక్కడికి పోయిందో నా జిరాక్స్ మెషీను చూస్తే కొంత తెలుస్తుంది.

ఇక తిట్లు. చెప్పిన రోజుకి రాలేదు, ఫోన్ ఎత్తలేదు. పెద్ద కాటా తేలేదు, చేత్తో పట్టుకుని సామాను వేలాడదీసే తూకంతోనే కానిచ్చారు. అంత పెద్ద మెషీను దానికి వేలాడుతుందా? బరువు అంచనాగా రాసుకున్నారు. సర్టిఫికెట్ కోసం మళ్లీ మళ్లీ అడగాల్సి వచ్చింది. తీరా వచ్చిన దాంట్లో "ఐటీ పరికరాలు" అని మొత్తం బరువు ఒక్కటే ఉంది. సీసం గాజు ఎక్కడికి వెళ్లింది, సర్క్యూట్ బోర్డులు ఎవరి చేతికి చేరాయి? మెయిల్ పెట్టాను, "ఆథరైజ్డ్ రీసైక్లర్‌కి పంపాం సార్" అన్నారు. ఎవరా రీసైక్లరు అంటే జవాబు లేదు. ఓడ ఎక్కే చెత్తకి ఎవరు పంపుతున్నారు, ఎవరికి, అక్కడ దాన్ని ఏం చేస్తారు అన్నీ ముందే రాయాలి. శ్రీకాకుళంలో వ్యాను ఎక్కిన దానికి ఆ మాత్రం ఒక్క లైను రాయలేరా?

5కి 3 ఇస్తాను. ఆ మూడులో రెండు డ్రిల్లు పట్టిన కుర్రాడివే. మీరు పిలిస్తే రీసైక్లర్ పేరు రసీదు మీదే రాయించుకోండి, తర్వాత మెయిల్లో పంపుతామంటే ఒప్పుకోవద్దు. ఒకటీ అరా సామానుకి వాళ్లు రారు, పక్క షాపుల వాళ్లతో కలిసి పిలవండి. యూపీఎస్ బ్యాటరీలు మాత్రం వీళ్లకి ఇవ్వకండి. కొత్తది కొనేటప్పుడు బ్యాటరీ షాపు వాళ్లే పాతదానికి ఇంతకన్నా మంచి రేటు కడతారు.