తొమ్మిదేళ్ల స్కేట్లు, చిన్నాయన కాటా, అమ్మ పట్టించిన సాన

నెల్లూరులో ఐస్ అంటే రొయ్యల పెట్టెల్లో పోసేదే. అలాంటి ఊళ్లో మా అటక మీద ఒక జత ఐస్ హాకీ స్కేట్లున్నాయి, అంటే మంచు మీద జారుతూ హాకీ ఆడటానికి అడుగున బ్లేడున్న బూట్లు. 2016లో కెనడాలో ఉద్యోగం చేస్తున్నప్పుడు కొన్నాను. ఆరు చలికాలాలు వారానికి రెండుసార్లు ఆడాను. 2022లో ఇంటికొచ్చేశాక, ఆఫీసు పని మీద గురుగ్రామ్ వెళ్లినప్పుడల్లా అక్కడి మాల్‌లో ఉన్న రింకులో, అంటే స్కేటింగు కోసం మంచు గడ్డకట్టించిన చోట, వేసుకుంటున్నాను. స్కేట్ల కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే కష్టాల్లో కంపెనీ పాత్ర తక్కువ, మా ఇంటి పాత్ర ఎక్కువ.

నిజానికి ఇది నా రెండో జత. నేను వేసుకునే బూట్ల సైజు 9. మొదటి జత ఆన్‌లైన్‌లో అదే సైజు తెప్పించాను. వేసుకుంటే హాయిగా ఉంది. ఆ హాయి చూసే మోసపోయాను. ఆడేటప్పుడు మడమ లోపల పైకీ కిందకీ కదిలి, రెండు వారాల్లో రెండు కాళ్లకూ బొబ్బలు. సగం ధరకు అమ్మేసి, దుకాణానికి వెళ్లి కాలు కొలిపించుకుంటే ఏడున్నర ఇచ్చారు. హాకీ స్కేటు మామూలు బూటు కన్నా ఒకటి, ఒకటిన్నర సైజు తక్కువ ఉంటుందని అప్పుడు తెలిసింది.

లేసులు బిగించి నిటారుగా నిలబడితే బొటనవేలు ముందున్న గట్టి డిప్పకు కొద్దిగా తగలాలి. మోకాళ్లు వంచగానే మడమ వెనక్కి వెళ్లి కూర్చుని, వేలు డిప్పను వదలాలి. వంచినా తగులుతూనే ఉంటే చిన్నది, నిలబడినా తగలకపోతే పెద్దది. పొడవు సరిపోయినంత మాత్రాన అయిపోదు, వెడల్పు కూడా చూడాలి. చిన్నప్పటి నుంచీ చెప్పుల్లో, సగం రోజులు వట్టి కాళ్లతో పెరిగిన పాదాలు మనవి. నా వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. మామూలు వెడల్పైన డి నాకు పనికిరాలేదు, డబుల్ ఈ తీసుకోవాల్సి వచ్చింది. లోతు చూడటానికి దుకాణం ఆయన పెన్సిలు వాడాడు. లేసులు కట్టకముందు, పై నుంచి మూడో జత రంధ్రాల మీద పెన్సిలు అడ్డంగా పెట్టాడు. అది రెండు వైపులా రంధ్రాల మీద ఆనితే లోతు చాలినట్టు. పాదం మీద ఆగి అటూ ఇటూ ఊగితే ఆ బూటు లోతు చాలదు, లేసులు చీలమండ ముందు కోసుకుంటాయి.

ఆ తర్వాత ఓవెన్. ఎనభై డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు వేడి చేసి, మెత్తబడ్డ బూటులో కాలు పెట్టించి, లేసులు బిగించి పావుగంట కూర్చోబెట్టారు. నడవొద్దన్నారు. లేసులు పక్కలకు లాగితే రంధ్రాల రింగులు ఊడతాయని, ఎదురుగా లాగమన్నారు. ఒక రోజంతా వాడకుండా చల్లారనివ్వాలి. తొమ్మిదేళ్ల తర్వాత కూడా మడమ దగ్గర ఆ పట్టు పోలేదు. ఇచ్చిన డబ్బుకు ఈ ఒక్కటి చాలనిపిస్తుంది.

బరువు గురించి ఎక్కువ చెప్పను. కొనేటప్పుడు మాత్రం దీని గురించే ఎక్కువ ఆలోచించాను, సిగ్గుచేటు. నెల్లూరొచ్చాక ఒకరోజు మా చిన్నాయన రొయ్యల కాటా మీద పెట్టి చూశాను. ఎడమది 868 గ్రాములు, కుడిది 871. చిన్నాయన కాటా వంక, స్కేటు వంక చూసి, "ఏందబ్బాయా ఇది, కత్తికి బూటు కుట్టినట్టుండాది. కిలోకి ఒకటి కౌంటు. ఈ కౌంటు రొయ్యలు పడితే నేను వ్యాపారం మానేసి ఇంట్లో కూర్చుంటా" అన్నాడు. నాతో ఆడిన స్నేహితుడి ఖరీదైన జత ఒక్కోటి వంద గ్రాములు తక్కువ తూగేది, ధర రెండింతలు. ఓసారి గంట ఆడొచ్చి నావి వంటింటి కాటా మీద పెడితే, చెమటకూ తడికీ ఒక్కోటి నలభై గ్రాముల దాకా పెరిగాయి. రెండింతలు పోసి కొన్న వంద గ్రాముల్లో దాదాపు సగం చెమటకే పోతుంది. ఆ డబ్బుతో ఇంకో జత బ్లేళ్లు కొని ఉంచుకోవడం మేలు.

అసలు కథ బ్లేళ్లదే. స్కేటు బ్లేడు కత్తి కాదు. మందం దాదాపు మూడు మిల్లీమీటర్లు. దాని అడుగున ముక్కు నుంచి మడమ దాకా సన్నటి గాడి తీస్తారు. ఆ గాడికి రెండు పక్కలా నిలబడే రెండు అంచులే మంచును పట్టుకుంటాయి. గాడిని వృత్తపు వ్యాసార్థంతో కొలుస్తారు. అర అంగుళం అంటే, అర అంగుళం వ్యాసార్థమున్న వృత్తంలో చిన్న ముక్క ఆ మూడు మిల్లీమీటర్లలో దిగిందన్నమాట. లెక్క వేసి చూశాను, నడిమధ్య లోతు మిల్లీమీటరులో పదో వంతు కూడా రాదు. కాగితం మందమంత లేదు. నువ్వు ఆగుతావా, జారి పడతావా అన్నది ఆ కాస్త లోతే తేలుస్తుంది.

అంకె చిన్నదైతే గాడి లోతు, పట్టు ఎక్కువ. పెద్దదైతే లోతు తక్కువ, జారుడు ఎక్కువ. నేను 82 కిలోలు. దుకాణంలో అడగకుండానే అర అంగుళం పట్టేవారు. ఆగబోతే బ్లేడు మంచులో దిగబడి, బూటు టకటకమని వణికేది. నా కాళ్లలో బలం లేదనుకుని ఒక సీజనంతా మోకాళ్లకు వ్యాయామాలు చేశాను! ఎవరో చెబితే ఐదు బై ఎనిమిదికి మారాను, తర్వాత ముప్పావు అంగుళానికి. బరువున్న మనిషి తన బరువుతోనే అంచులను దించుతాడు, అతనికి లోతు గాడి అక్కర్లేదు. గట్టి మంచు మీద పట్టు కాస్త ఎక్కువ కావాలి, మెత్తటి మంచు మీద తక్కువ చాలు. గురుగ్రామ్‌లో ముప్పావుతో ఏ ఇబ్బందీ లేదు. ఒక్కసారి లేహ్‌లో గడ్డకట్టిన చెరువు మీద ఆడినప్పుడు మాత్రం మంచులో కలిసిన ఇసుకకు ఒక్క పూటలో అంచులు పోయాయి.

సాన పట్టించాక చూసుకోకుండా తెచ్చుకోవద్దు. కెనడాలో ఓ దుకాణంలో కుర్రాడు పట్టిచ్చిన బ్లేడుకు లోపలి అంచు ఎత్తు, బయటి అంచు పల్లం. ఎడమకు తిరిగిన ప్రతిసారీ పడ్డాను. అప్పటి నుంచి స్కేటును తిరగేసి, రెండు అంచుల మీద రూపాయి బిళ్ల అడ్డంగా పెట్టి ఎదురుగా చూస్తాను. బిళ్ల ఏ పక్కకు ఒరిగినా, మొహమాటపడకుండా మళ్లీ పట్టమని అడుగుతాను.

ఇక్కడికొచ్చాక అలా పట్టే మిషను దగ్గర్లో లేదు. అదృష్టం కొద్దీ నా స్కేట్లకు హోల్డర్‌లో, అంటే బూటు కింద బ్లేడును పట్టి ఉంచే భాగంలో, చిన్న మీట నొక్కితే బ్లేడు ఊడి చేతికొస్తుంది. రెండు జతల బ్లేళ్లున్నాయి. సంక్రాంతికి వచ్చే బావమరిది ఒక జత చెక్-ఇన్ సామానులో పట్టుకెళ్లి, మళ్లీ వచ్చేటప్పుడు సాన పట్టించి తెస్తాడు. ఈ ఏర్పాటు రెండేళ్లు బాగానే సాగింది.

మూడో ఏడు ఒక జత తుడిచి, వసారాలో ఆరబెట్టి పడుకున్నాను. మధ్యాహ్నం లేచేసరికి అవి తళతళలాడుతున్నాయి. వీధిలోకి సైకిలు మీద సాన పట్టే ఆయన వచ్చాడట. "మొద్దుబారిందని నువ్వే గదరా అన్నావు. కత్తిపీటతో పాటు దానిక్కూడా పట్టిచ్చాను, జత అరవై రూపాయలే" అంది అమ్మ. ఆయన పనితనానికి వంక పెట్టలేం. మూడు మిల్లీమీటర్ల ఉక్కును రెండు వైపుల నుంచీ అరగదీసి, వెంట్రుక తెగేంత పదునుగా ఒకే అంచు తేల్చాడు. గాడి లేదు, రెండు అంచుల్లేవు. దాన్ని మళ్లీ స్కేటు బ్లేడు చెయ్యాలంటే సగం ఉక్కు కోసెయ్యాలి.

ఇంకో రెండు ముక్కలు. సముద్రపు గాలికి స్టెయిన్‌లెస్ స్టీలైనా అంచుల దగ్గర తుప్పు పడుతుంది. పూర్తిగా ఆరాక కుట్టు మిషను నూనె పలచగా రాస్తాను. తడి బ్లేళ్లకు గుడ్డ తొడుగు వేసి వదిలెయ్యకూడదు. రోహిణి కార్తెలో కారు డిక్కీలో మర్చిపోతే అడుగున బంక కాస్త వదిలింది, అది నా నిర్వాకమే.

మిగిలిన జత బ్లేళ్లు ఇప్పుడు బీరువాలో, "సాన పట్టించొద్దు" అని రాసిన కవర్లో ఉన్నాయి. పాడైన వాటిలో ఒకదానికి చిన్నాయన కొయ్య పిడి వేయించాడు. పెరట్లో అరటాకులు కోసిన ప్రతిసారీ అమ్మ నన్ను పిలిచి చూపిస్తుంది, ఎంత బాగా తెగుతోందో చూడమని.