లౌడన్ కంకర రోడ్ల మీద ఆరేళ్ళు

వర్జీనియాలో ఆష్‌బర్న్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళకు లౌడన్ కౌంటీ అంటే డేటా సెంటర్లు, టౌన్‌హౌస్‌లు, స్కూళ్ళ రేటింగులు. మొదటి నాలుగేళ్ళు నాకూ అంతే తెలుసు. 2019 వేసవిలో ఆఫీసులో పక్క సీటాయన ఒక ఆదివారం పొద్దున నన్ను పడమర వైపు తీసుకెళ్ళాడు. మా ఇంటి నుంచి కారులో అరగంట. తారు అయిపోయి, కంకర మొదలైంది. రెండు పక్కలా నడుం ఎత్తు రాతి గోడలు, వాటి వెనక పచ్చిక బీళ్ళు, దూరంగా నీలంగా బ్లూరిడ్జ్ కొండలు. ఆ రోజు నుంచి మంచు పేరుకునే వారాలు వదిలేస్తే దాదాపు ప్రతి ఆదివారం అక్కడే ఉన్నాను. ఒకటే సైకిల్, సుమారు ఏడు వేల మైళ్ళు. ఒకటి రెండు సార్లు చూసి రాసిన సమీక్షలు చాలానే ఉన్నాయి కాబట్టి, అన్ని కాలాల్లోనూ తొక్కినవాడిగా నా మాట చెబుదామని రాస్తున్నాను.

ముందు ట్రాఫిక్ సంగతి. ఈ రోడ్ల మీద బళ్ళే ఉండవని చెబితే అబద్ధమవుతుంది. ఇవి సైకిళ్ళ కోసం వేసినవి కావు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, పొలం నుంచి పిండి మరకు, మర నుంచి చర్చికి గుర్రబ్బళ్ళు తిరిగిన పాత బాటలు. ఇప్పటికీ ఆ ఇళ్ళవాళ్ళు వాడుకుంటూనే ఉన్నారు. కానీ ఆదివారం పొద్దున ఏడింటికి బయల్దేరితే రెండు గంటల్లో నాకు ఎదురయ్యేవి రెండో మూడో కార్లు. అవీ మనల్ని చూడగానే వేగం తగ్గించి, దుమ్ము రేగకుండా మెల్లగా దాటిపోతాయి. శనివారం మధ్యాహ్నం మాత్రం వద్దు. వైనరీలు తెరిచాక దారి తెలియనివాళ్ళు పెద్ద కార్లలో జోరుగా వస్తారు, కంకర ఎగిరి కాళ్ళకు తగులుతుంది.

అసలు ఒక్క బండి కూడా ఉండకూడదు అనుకునేవాళ్ళకు డబ్ల్యు అండ్ ఓడీ ట్రెయిల్ ఉంది. ఆర్లింగ్టన్ దగ్గర మొదలై పర్సెల్‌విల్‌లో ఆగే 45 మైళ్ళ దారి. 1968లో ఆగిపోయిన పాత రైలు మార్గం అది. మధ్యలో తారు, చాలా దూరం దాని పక్కనే గుర్రాల కోసం కంకర బాట. ఆష్‌బర్న్ నుంచి పర్సెల్‌విల్‌కు దాని మీద సుమారు 17 మైళ్ళు. ఓపిక ఉన్న రోజు నేను కారు తీయకుండా ఇటే వెళ్తాను. రైలు కోసం చదును చేసింది కాబట్టి ఎత్తుపల్లాలు తెలియవు, లీస్‌బర్గ్ దాటాక ఒక నిడుపాటి ఎక్కుడు తప్ప. పర్సెల్‌విల్‌లో దిగి దక్షిణానికి తిరిగితే రెండు మైళ్ళలో లింకన్ అనే చిన్న ఊరు. అక్కడి నుంచే అసలు రుచి మొదలు.

కౌంటీ పడమటి సగంలో తారు పడని రోడ్లు ఇప్పటికీ దాదాపు 250 మైళ్ళున్నాయి. ఆరేళ్ళలో నేను ఇంకా తొక్కనివి మిగిలే ఉన్నాయి. నా ఇష్టమైన చుట్టు 30 మైళ్ళు: లింకన్, ఫిలమాంట్, యూనిసన్, అక్కడి నుంచి గ్రీన్‌గార్డెన్ రోడ్డు మీదుగా తిరిగి రావడం. పెద్ద కొండ ఒక్కటీ లేదు, కానీ సమతలం కూడా ఎక్కడా లేదు. వాగులోకి దిగడం, వాగు నుంచి ఎక్కడం, మళ్ళీ దిగడం. ఎక్కుళ్ళు పొట్టివే గానీ నిటారుగా ఉంటాయి. అన్నీ కలిపి 2,000 అడుగులు దాటుతుంది. చిన్న గేర్ లేని సైకిల్ తెచ్చుకుంటే మూడో వాగు దగ్గరే దిగి నెట్టుకోవాలి.

గ్రీన్‌గార్డెన్ రోడ్డు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆరేళ్ళయినా దాని మీద నాకు మోజు తీరలేదు. అక్టోబర్ మూడో వారంలో వెళ్ళండి. తెల్లవారుజామున వాగుల మీద మంచు పొగ లేచి ఉంటుంది. ఓక్ చెట్ల ఆకులు చక్రాల కింద పటపటమంటాయి. టైరు కింద కంకర నలిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. ఒక మలుపు తిరగ్గానే పడమర అంతా తెరుచుకుంటుంది, ఆ చివర నుంచి ఈ చివర దాకా కొండల వరస. నేను అక్కడ ప్రతిసారీ ఆగుతాను. ఫోటో కోసం కాదు, ఊరికే ఒక కాలు నేల మీద పెట్టి నిలబడతాను.

ఈ చుట్టులో తెలుసుకోవాల్సిన చరిత్ర చాలా ఉంది. లింకన్ ఊరు క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళది. బానిసత్వం తప్పు అని నమ్మినవాళ్ళు. అమెరికా అంతర్యుద్ధంలో వర్జీనియా బానిసత్వాన్ని నిలబెట్టాలన్న దక్షిణాది పక్షాన ఉన్నా, యుద్ధం ముగిశాక వీళ్ళు తమ ఊరికి అబ్రహాం లింకన్ పేరు పెట్టుకున్నారు. 1765 నాటి వాళ్ళ రాతి ప్రార్థనా మందిరం ఇంకా నిలిచే ఉంది. అక్కడి నుంచి గంట తొక్కితే యూనిసన్. 1862 నవంబర్ మొదటి మూడు రోజులూ ఈ పొలాల్లోనే దక్షిణాది సేనాని జెబ్ స్టువర్ట్ అశ్వికదళం యూనియన్ (ఉత్తరాది) సైన్యాన్ని నిలవరించింది. ఆ ఆలస్యాలతో విసిగిన అధ్యక్షుడు లింకన్ ఆ వారంలోనే ఆ సైన్యాన్ని నడిపిస్తున్న జనరల్ మెక్‌లెలన్‌ను పదవి నుంచి తీసేశాడు. అప్పట్లో సైనికులు ఈ రాతి గోడల వెనకే నక్కి కాల్చుకున్నారు. ఇప్పుడు ఆ గోడల మీద ఉడతలు పరిగెడుతుంటాయి.

నాకు బాగా గుర్తుండిపోయిన చోటు బ్లూమ్‌ఫీల్డ్ దగ్గరి ఎబెనేజర్ చర్చి. ఒకటి కాదు, పక్కపక్కనే రెండు చర్చిలు. రెండూ బాప్టిస్టులవే. సిద్ధాంతాల దగ్గర తేడా వచ్చి విడిపోయిన వాళ్ళు ఉన్న చర్చి పక్కనే ఇంకొకటి కట్టుకున్నారు. 1864 అక్టోబర్ 14న మోస్‌బీ అనే దక్షిణాది దళనాయకుడి మనుషులు ఒక రైలును పట్టాలు తప్పించి, యూనియన్ సైన్యం జీతాల డబ్బు సుమారు 1,73,000 డాలర్లు ఎత్తుకొచ్చారు. ఆ నోట్లు పంచుకున్నది ఈ చర్చి దగ్గరే. మోస్‌బీ తన వాటా తీసుకోలేదు. ఇక్కడ ఈ కథను వీరగాథలా చెప్పుకుంటారు గానీ, ఆ పక్షం దేనికోసం పోరాడిందో మర్చిపోయి వినడం నా వల్ల కాదు. అందుకే కొత్తవాళ్ళను తీసుకెళ్ళినప్పుడు అక్కడితో ఆపకుండా విలిస్‌విల్ దాకా తీసుకెళ్తాను. బానిసత్వం నుంచి విడుదలైన కుటుంబాలు యుద్ధం తర్వాత స్థలాలు కొనుక్కుని కట్టుకున్న ఊరు అది. కొద్ది ఇళ్ళు, ఒక చిన్న రాతి చాపెల్. రెండూ చూస్తేనే ఈ నేల అర్థమవుతుంది.

2022లో నాన్న వచ్చినప్పుడు ఒక రోజు కారులో ఇటు తీసుకొచ్చాను. మాది బేతంచెర్ల వైపు. అక్కడ పొలాలకు నాపరాళ్ళు నిలబెట్టి కంచె కడతారు. నాన్న కారు ఆపమని దిగి, గోడ దగ్గరికెళ్ళి ఒక రాయి మీద అరచెయ్యి పెట్టి కదిపి చూశారు. కదల్లేదు. "సున్నం లేదు, సిమెంట్ లేదు. రాయి మీద రాయి కూర్చోబెట్టినారు, అంతే. చెయ్యి తిరిగిన మనిషి పేర్చిన గోడ ఇది" అన్నారు. వంగి, గోడకు అడ్డంగా పొడవాటి రాళ్ళు ఎక్కడెక్కడ వేశారో నాకు చూపించారు. ఆ రాళ్ళే రెండు వైపులనూ కలిపి పట్టుకుంటాయట. నేను మూడేళ్ళుగా ఆ గోడ పక్క నుంచే పోతూ ఒక్కసారి కూడా గమనించలేదు. తర్వాత రోడ్డు వైపు చూసి "దీనికి తారెందుకు వెయ్యలేదు?" అని అడిగారు. వెయ్యొద్దని ఊళ్ళోవాళ్ళలో చాలామంది పట్టుబడుతున్నారని చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "మన ఊరికి తారు రోడ్డు కోసం నేను ఇరవై ఏళ్ళు అర్జీలు పెట్టినాను నాయనా" అన్నారు చివరికి. అవసరాలు వేరు. అంబులెన్సు రావడానికి రోడ్డు లేని ఊరికీ, పక్కనే హైవే ఉండి ఈ బాటను కాపాడుకుంటున్న ఊరికీ పోలిక లేదు. నాన్నకూ అది తెలుసు. అయినా ఆ మాట నాతో ఉండిపోయింది.

ఇక్కడ తారు వెయ్యకూడదన్న వాళ్ళ వైపే నేను. తారు పడితే కార్లు వేగం పెంచుతాయి, రోడ్డు వెడల్పు చేస్తారు, వెడల్పు చేస్తే చెట్లూ గోడలూ పోతాయి. ఆ తర్వాత దీనికీ మా ఇంటి ముందు రోడ్డుకూ తేడా లేకుండా పోతుంది.

రోడ్డు స్థితి వారం వారం మారుతుంది. రోడ్డు చదును చేసే గ్రేడర్ బండి తిరిగి కొత్త రాయి పోసిన మర్నాడు వెళ్ళకండి. 2020లో అలాంటి రోజే ఒక దిగుడు మలుపులో ముందు బ్రేకు నొక్కి పడ్డాను. మోచెయ్యి, తుంటి చెక్కుకుపోయాయి, నెల రోజులు సైకిల్ ఎక్కలేదు. వానలు లేక ఎండ కాసిన నెలల్లో దిగుళ్ళ మీద అడ్డంగా చిన్న చిన్న గట్లు లేస్తాయి. రేకుల షెడ్డు పైకప్పు మీద తొక్కుతున్నట్టు ఉంటుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. ఫిబ్రవరి, మార్చిల్లో గడ్డకట్టిన నేల కరిగి బురదవుతుంది. ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి దాకా, మళ్ళీ సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా అన్నిటికన్నా మంచి కాలం.

సైకిల్ విషయంలో నేర్చుకున్నది డబ్బు పోసే నేర్చుకున్నాను. 32 మి.మీ. టైర్లతో మొదలుపెట్టి మొదటి ఏడాదే అయిదు పంక్చర్లు చూశాను. తర్వాత 40 మి.మీ. ట్యూబ్‌లెస్‌కు మారాను. నా బరువు 74 కిలోలు, ముందు 30, వెనక 33 పీఎస్‌ఐ గాలి పెడతాను. అప్పటి నుంచి దారిలో ఆగిపోయింది ఒక్కసారే. టైర్లు ఎక్కించిన షాపువాళ్ళు లోపల పోయాల్సిన ద్రవం ఒక చక్రంలో పోయడం మర్చిపోయారు. ఫోన్ సిగ్నల్ లేని చోట రెండు మైళ్ళు నడిచాను. ఇప్పుడు ఎవరు ఎక్కించినా చక్రం చెవి దగ్గర పెట్టి ఊపి చూసుకుంటాను. ఈ రాతి పొడి చెయిన్‌ను తినేస్తుంది, రెండు వేల మైళ్ళకు మించి ఏదీ ఆగలేదు. వానలో తొక్కితే బ్రేకు ప్యాడ్లు ఒక్క సీజన్‌కే అయిపోతాయి.

నీళ్ళు రెండు సీసాలు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. దారిలో టాయిలెట్లు లేవు. పేలులాంటి టిక్ పురుగుల వల్ల లైమ్ జ్వరం వస్తుంది కాబట్టి గడ్డిలో కూర్చున్నా, చెట్టు పక్కకెళ్ళినా ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో వెతుక్కోండి.

గుర్రాల గురించి చెప్పకపోతే తప్పవుతుంది. గుర్రాల మీద నక్కల వేటకెళ్ళే పీడ్‌మాంట్ ఫాక్స్‌హౌండ్స్ అనే, 1840లో మొదలైన బృందం ఇంకా ఉన్న ప్రాంతం ఇది, గుర్రం ఎదురవని వారం తక్కువ. ఒకసారి వెల్‌బోర్న్ రోడ్డు మీద నల్లటి గుర్రం ఒకటి నన్ను చూసి ఆగిపోయింది. చెవులు నిక్కించి, ముక్కుపుటాలు విప్పి, గిట్టతో కంకర గీరుతోంది. నేను దిగి పక్కకు తప్పుకున్నాను. "మాట్లాడుతూ ఉండు, నువ్వు మనిషివని దానికి తెలియాలి" అంది పైన కూర్చున్న పెద్దావిడ. ఏం మాట్లాడాలో తోచక "ఏం కాదమ్మా, ఏం కాదు, నువ్వు పో" అన్నాను తెలుగులో. దాని చెవులు మెల్లగా పక్కకు వాలాయి. మెడ దించి, నా భుజం పక్క నుంచి వేడిగా ఊపిరి వదులుతూ దాటిపోయింది. అప్పటి నుంచి ఏ గుర్రం ఎదురైనా అదే మాట అంటున్నాను.

వేగం కోసం తొక్కేవాళ్ళకు, చిన్న పిల్లల్ని వెంట తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకు ఇది చెప్పను. పిల్లలకు డబ్ల్యు అండ్ ఓడీయే మేలు. మిగతా అందరికీ నా నుంచి అయిదుకు అయిదు. మొదటిసారి వచ్చేవాళ్ళు పర్సెల్‌విల్ ఫ్రాంక్లిన్ పార్కులో కారు పెట్టి, లింకన్ దాకా వెళ్ళి పది మైళ్ళు తిరిగి రండి చాలు. ఏడింటికల్లా బయల్దేరండి.