పొడుగు తీగకు ఎక్స్‌ఎల్‌ఆర్, పొట్టి తీగకు ఆర్‌సీఏ

తిరుపతి కొర్లగుంటలో మా ఇల్లు. హాల్లో స్టూడియో రకం పవర్డ్ స్పీకర్లు (యాంప్లిఫయర్ లోపలే ఉండేవి), పడగ్గదిలో మామూలు స్టీరియో యాంప్లిఫయర్. రెండు చోట్లా కొన్నేళ్లుగా పాట సిగ్నల్ మోసే రెండు రకాల తీగలు మార్చి మార్చి విన్నాను: మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్లుండే బ్యాలెన్స్‌డ్, మామూలు ఆడియో పిన్ను ఆర్‌సీఏ ఉండే అన్‌బ్యాలెన్స్‌డ్. నా తీర్పు ముందే చెప్పేస్తా. తీగ పొడుగై, రెండు కొసల్లోనూ ఎర్త్ ఉంటే బ్యాలెన్స్‌డే తీసుకోండి. మీటరు తీగకైతే ఆర్‌సీఏ చాలు.

హాల్లో డ్యాక్ (కంప్యూటర్లోని డిజిటల్ పాటను ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె) నుంచి స్పీకర్లకు గోడ వెంట ఆరు మీటర్ల తీగ లాగాలి. మొదట ఆర్‌సీఏతో లాగాను. అన్నమయ్య కీర్తనకు ముందు ఆలాపన మొదలైతే చాలు, తంబురా కింద ఇంకో శ్రుతి! మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హమ్ (స్పీకర్లలో వచ్చే ఈ గుయ్యిమనే రొద) కూడా 50, 100 హెర్ట్జ్‌ల దగ్గరే ఉంటుంది. గాయని శ్రుతికి అది కలవకపోతే చెవిలో జోరీగే. ఒకరోజు సెట్‌టాప్ బాక్స్ వెనక కేబుల్ టీవీ వైరు మర విప్పి లాగితే ఠక్కున ఆగింది. టీవీకి హెచ్‌డీఎంఐతో, డ్యాక్‌కు యూఎస్‌బీతో కలిసిన కంప్యూటర్ మాది. కేబుల్ వైరు లోహపు పైతొడుగుకు ఒక ఎర్త్, స్పీకర్ల మూడు పిన్నుల ప్లగ్గుకు ఇంకో ఎర్త్. ఆ రెంటి మధ్య పారే కరెంటు ఆర్‌సీఏ తీగ లోహపు పైతొడుగు గుండా పోతుంది. సిగ్నల్ తిరుగుదారి కూడా అదే కనుక హమ్ పాటలో కలుస్తుంది.

ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 1వ పిన్ను ఎర్త్, 2, 3 సిగ్నల్‌వి. స్పీకరు ఆ రెంటి తేడానే తీసుకుంటుంది, రెంటిమీదా సమానంగా పడ్డ రొద రద్దవుతుంది. ఇది పెట్టాక కేబుల్ వైరు మళ్లీ బిగించినా హమ్ లేదు. ఫ్యాన్ రెగ్యులేటర్ 2లో ఉంటే స్పీకర్లలో వచ్చే జిర్రు కూడా పోయింది. ఫ్యాన్ చేసే జిర్రుకు మాత్రం ఏ తీగా మందు కాదు.

ఒక షాపులో ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకేయమన్నారు. హమ్ పోవచ్చు, కానీ లోపల ఫేజ్ వైరు బాడీకి తగిలితే షాక్ మనకే. ఆ పని అస్సలు చేయొద్దు.

పడగ్గదిలో కథ వేరు. ఎక్స్‌ఎల్‌ఆర్ పెట్టగానే బేస్ నిండుగా, గొంతు ముందుకొచ్చినట్టు అనిపించింది. తీరా చూస్తే నా డ్యాక్ ఆర్‌సీఏలో 2 వోల్టులిస్తే ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 4 ఇస్తుంది. అంటే 6 డెసిబెల్స్ ఎక్కువ, ఆ గొప్పంతా వాల్యూముదే. 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటరుతో వోల్టేజీ సమం చేశాక, నాకు కనపడకుండా మా తమ్ముడు తీగలు మార్చాడు. ఏది ఏదో చెప్పలేకపోయాను. పైగా కొన్ని యాంప్లిఫయర్లలో ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ ఉన్నా, లోపలికి వెళ్లగానే సిగ్నల్ అన్‌బ్యాలెన్స్‌డ్‌గా మారిపోతుంది.

ఖరీదైన తీగలు అక్కర్లేదు. పెళ్లిళ్లకు సౌండ్ పెట్టేవాళ్లు వాడే మైకు కేబులే కొని ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్లు సోల్డర్ చేయించాను. టక్కుమని లాక్ పడుతుంది, ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలినా ఊడిరాదు.